బండ చీలికలో నా అరుపు

నేను ఒక పిరికి చేతిగడియారాన్ని. నవ్వితే నవ్వండి, ఉన్న మాట చెబుతున్నాను. నల్ల ప్లాస్టిక్ ఒళ్ళు, అద్దంలో మెదిలే అంకెలు, పక్కన నాలుగు మీటలు. ఎంతసేపటికి పెడితే అంతసేపటికి కీక్ కీక్ మని అరవడమే నా పని. అరిచిన ప్రతిసారీ ముందు ఝడుసుకునేది నేనే.

ఏదో ఫ్యాక్టరీలో ఒక్క రోజునే వేలమందిమి పుట్టాం. నన్ను కనిగిరిలో ఒక డ్రిల్లు మాస్టారు కొన్నాడు. పిల్లల్ని ఎండలో పరిగెత్తించి, తాను నీడలో నిలబడి, ఆలస్యమైందంటూ నన్ను చూపించి తిట్టేవాడు. ఆయన రిటైరయ్యాక నన్ను తమ్ముడి కూతురు సువార్తకు ఇచ్చాడు. ఆ పిల్ల నల్లమలలో కొండముచ్చుల మీద పరిశోధన చేసేవాళ్ళ దగ్గర సహాయకురాలిగా చేరింది. అడవి అన్న మాట వినగానే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ ఉద్యోగం ఏమిటో చెబితే మీరు నమ్మరు. తెల్లవారేసరికి కొండముచ్చులు పడుకున్న చెట్టు కిందికి చేరాలి. అవి ఎటు పోతే అటు పోవాలి. వాటి కళ్ళలోకి సూటిగా చూడకూడదు, పళ్ళు కనబడేలా నవ్వకూడదు, వాటి ముందు ఏమీ తినకూడదు. పది నిమిషాలకోసారి నేను అరుస్తాను. సరిగ్గా ఆ క్షణాన ఏది తింటోంది, ఏది కునుకుతోంది, ఏది ఎవరికి పేలు చూస్తోంది, అంతా పుస్తకంలోకి ఎక్కాలి. డిగ్రీలు చదివిన మనిషి మెడ పట్టేసేలా పైకి చూస్తుంటే, పైనున్నవి తోకలు వేలాడేసుకుని తీరుబడిగా ఈమెను చూసేవి. అవి మాత్రం ఏమీ రాసుకునేవి కావు.

దారి చూపడానికి దగ్గరి పెంట నుంచి, అంటే చెంచుల గూడెం నుంచి, లింగయ్య తాత వచ్చేవాడు. ఆయనకు పులి అంటే అంత బెదురు లేదు, ఎలుగంటేనే. పులి మనిషిని తప్పుకుని పోతుందట, ఎలుగు ఉలిక్కిపడితే మీద పడుతుందట. అందుకని పెద్దబండల దగ్గరికి రాగానే నా నోరు మూయించమనేవాడు. సువార్త బుద్ధిగా మీట నొక్కేది.

ఆ ఒక్కరోజు నొక్కలేదు. పొద్దున్నే ఒక కొండముచ్చు ఈనింది. నల్లటి పసిదాన్ని మందలోని ఆడవన్నీ ఒకదాని ఒళ్ళోంచి ఒకటి లాక్కుంటున్నాయి. ఏ పదో నిమిషానికి బిడ్డ ఎవరి ఒళ్ళో ఉందో రాసుకోవడమే సువార్తకు లోకం. మంద మెల్లగా బండల మీదికి జరిగింది. తాత తన మణికట్టు తట్టి సైగ చేశాడు. ఆమె చూపు దించకుండానే, ఒక్కసారికి ఏమీ కాదులెమ్మంది. ఓ తల్లీ, నీకేం పోయింది, అరవాల్సింది నేను కదా!

అంతలో చెట్ల మీద దగ్గులాంటి అరుపులు లేచాయి. తల్లి బిడ్డను లాక్కుని కొమ్మ చివరికి ఉరికింది. కొండముచ్చులన్నీ కిందికి చూస్తున్నాయి. పదడుగుల దూరంలో, బండ వెనక నుంచి ఎలుగు వచ్చింది. వీపు మీద పిల్ల ఉంది.

తాత పెదవులు కదపకుండా అన్నాడు.

"కదలబాక పాపా. దానికి సూపు తక్కువ. భయపడబాక, నేనీడనే ఉండా."

సువార్త రాయిలా నిలబడింది. కానీ ఆమె నాడి నా కింద దడదడలాడుతోంది. నా అద్దం మీద ఇంకా రెండు నిమిషాల ఐదు సెకన్లు ఉన్నాయి. సున్నా అయితే నేను అరుస్తాను. వద్దనుకున్నా అరుస్తాను. నా పుట్టుకే అంత. ఎలుగు చెదలపుట్టను తవ్వుతూ ఇంకో రెండడుగులు దగ్గరికి వచ్చింది.

మీట నొక్కుదామని ఆమె వేలు జరిపింది. చెమటకు జారిపోయింది. రెండోసారీ జారింది. ఇక మీటను వదిలేసి పట్టీ విప్పడం మొదలుపెట్టింది. ముల్లు రంధ్రంలోంచి ఊడేసరికి ఇరవై సెకన్లు మిగిలాయి. నన్ను పిడికిట్లో ఒక్కసారి గట్టిగా నొక్కి, అవతలి బండల మీదికి విసిరేసింది. నేను టకటకా దొర్లుకుంటూ పోయి చీలికలో పడ్డాను. ఎలుగు తల తిప్పింది. అప్పుడే నాకు అరుపొచ్చింది.

జన్మలో అంత గట్టిగా అరవలేదు. ఎలుగు వచ్చి చీలికలో పంజా పెట్టింది, బుస్సుమని వేడి ఊపిరి నా అద్దం మీద వదిలింది. నేను ఏడుస్తూనే ఉన్నాను. అవతల రెండు జతల కాళ్ళు వెనక్కి వెనక్కి నడిచి చెట్లలో కలిసిపోవడం విన్నాను. నా గొంతు ఆగేసరికి ఎలుగుకు విసుగొచ్చి పిల్లతో దిగువకు పోయింది.

మర్నాడు సువార్త వచ్చి చీలికలో చెయ్యి పెట్టింది, అందలేదు. కర్ర పెడితే ఇంకా లోపలికి జారాను. తాత తిట్టకపోగా ఇంకో పొడుగు కర్ర విరుచుకొచ్చేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఇప్పుడామెకు కొత్త గడియారం ఉంది, బండల దగ్గరికి రాగానే దాని నోరు మూసేస్తుంది. మంద ఇటు వచ్చిన రోజున మాత్రం, ఇంకా పది నిమిషాలకోసారి చీలికలోంచి నేను అరిచినప్పుడే రాసుకుంటుంది.

నా బ్యాటరీ అయిపోవచ్చింది. నిన్న అరుపు సగంలోనే తెగిపోయింది. ఆ చీకట్లో వేసినంత భయం నాకు ఎలుగు వచ్చినప్పుడు కూడా వేయలేదు. పైన సువార్త కలం చప్పుడు ఆగింది. ఆమె చీలిక మీదికి వంగింది.

"భయపడబాక, నేనీడనే ఉండా," అంది మెల్లగా.

తరువాతి పదో నిమిషం దాకా అక్కడే కూర్చుంది.