ఏడు వేల టచ్‌లు

స్మార్ట్‌బోర్డును టీచర్లు ఎన్నిసార్లు ముట్టుకున్నారో లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాసింది తనే కాబట్టి, ఆ లెక్కంటే ఆమెకి కన్నబిడ్డంత నమ్మకం. బడిలో అందరూ ఆమెని బోర్డమ్మాయి అంటారు. ఈ నెల లెక్క ఇట్టే తేలిపోయింది. భాష చెప్పే ఇద్దరిలో పెద్దమాస్టారివి ఏడు వేల టచ్‌లు. పక్కగది టీచరమ్మవి సున్నా.

సున్నా వచ్చినవాళ్ల తరగతిని ఎక్కువ వచ్చినవాళ్ల తరగతిలో కలిపేసి, ఆ టీచర్ని స్టోరుగదిలో పుస్తకాలు సర్దే పనికి పంపమని పైనుంచి ఉత్తర్వు. మధ్యాహ్నం హెడ్‌మాస్టర్ సంతకం పెడతారు. ఈలోగా మాస్టారి పాఠం వీడియో తీసి తెమ్మని, నలుగురికీ చూపిద్దామని, బోర్డమ్మాయిని పంపారు.

ఆమె మాస్టారి గది గుమ్మంలోనే ఆగిపోయింది.

మాస్టారు సుద్దముక్కని గ్లాసులో నీళ్లలో ముంచి, నల్లగా వెలుగుతున్న స్క్రీన్ మీద సంధులు రాస్తున్నారు. తడి ఆరేకొద్దీ అక్షరాలు తెల్లగా తేలుతున్నాయి. స్క్రీన్ నిండగానే తడిగుడ్డ తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచారు. ఆమె చేతిలోని ట్యాబ్‌లో అంకె గబగబా పరుగెత్తింది. ఒక్క తుడుపుకి నలభై ఆరు.

"మాస్టారూ, ఏంటండీ ఇది?"

"నల్లబల్లే కదమ్మా. కాస్త జారుడు రకం. సుద్ద తడిపితే దారికొచ్చింది."

పాతది శుభ్రంగా పోతేనే కొత్తది బుర్రకెక్కుతుందని ఆయన నమ్మకమట. అందుకని ప్రతిసారీ రెండేసి తుడుపులట. బోర్డమ్మాయి వీడియో సంగతే మరిచిపోయి పక్కగదికి పరుగెత్తింది.

అక్కడ బోర్డుకి దుప్పటి కప్పి ఉంది. పిల్లలంతా కళ్లు మూసుకుని కూర్చున్నారు. దుప్పటి వెనక స్పీకర్లలోంచి, ముందే రికార్డు చేసిన ఓ పాప గొంతు, "అన్నయ్య పల్లు తోముకున్నాడు" అంది. గది కిసుక్కుమంది. రెండో బెంచీలో ఓ పిల్ల చటుక్కున కళ్లు తెరిచి, అది తన గొంతేనని, పళ్లు అనాలని తనే దిద్దుకుంది. టీచరమ్మ పెదవి కదపలేదు. రిమోట్ నొక్కి తర్వాతి గొంతు పెట్టింది.

"దుప్పటెందుకండీ?"

"బొమ్మ కనబడితే చెవులు మూతపడతాయి తల్లీ. చెవికెక్కని మాట నాలుక మీదికి రాదు."

ఏడాదంతా ఇలాగేనట. రిమోట్ నొక్కుడు ప్రోగ్రామ్ లెక్కలోకి రాదు. ముట్టుకుంటేనే నేర్పినట్టని బోర్డమ్మాయి కూడా నమ్మింది మరి. ఎప్పుడూ పైకి అనలేదు, కోడ్‌లో రాసేసిందంతే.

హెడ్‌మాస్టర్ గదికి వెళ్లేసరికి ఆయన పెన్ను మూత తీసి ఉన్నారు. ఆమె చూసిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"లెక్క తప్పదని నువ్వే కదమ్మా అన్నావు?"

"తప్పింది సార్. తప్పు నాదే. రాసిస్తాను."

ఆయన ఉత్తర్వుని పక్కకి నెట్టి, ఇదే లెక్కతో ఇంకెన్ని బళ్లలో తరగతులు కలిపారని అడిగారు. ఆ అంకె ఆమెకి కంఠతా వచ్చు.

"ముప్పై తొమ్మిది."

ఆయన టేబుల్ మీది ఫోన్ ఆమె వైపు జరిపారు. ఆమె ఆ బళ్ల జాబితా ట్యాబ్‌లో తెరిచి, మొదటి బడికి ఫోన్ చేసి, కిందటి టర్మ్‌లో సున్నా వచ్చిన భాషా టీచరుతో మాట్లాడాలని అడిగింది. అవతల ఎత్తింది ఆ బడి గుమాస్తా.

"ఆవిడా? స్టోరుగదిలో వారం కూర్చున్నారండీ. ఆ తర్వాత ఉద్యోగమే మానేశారు."