మగ్గం వేషం

సిద్ధరాములు పోయి సరిగ్గా ఏడాది. దాజీ పేట్ గల్లీలో గణేశ్ ఉత్సవాలు జరిపే మండలం వాళ్ళు పెద్ద ఫ్లెక్సీ కట్టారు: ‘హాస్యరత్న’! బతికున్నన్నాళ్ళూ అతనివి కోతివేషాలని మూతి తిప్పినవాళ్ళే ఇవాళ కర్చీఫులు పట్టుకుని ముందు వరుసలో కూర్చున్నారు. థూ, ఏం ముఖాలు పెట్టుకొచ్చారో! బీడీల చాట ఇంట్లో పడేసి వచ్చిన అతని భార్య సరోజ వాళ్ళను చూసి పళ్ళు నూరింది.

తెర మీద అతని ఆఖరి ఆట వీడియో మొదలైంది. పవర్‌లూమ్ నడిపే సిద్ధరాములు తానే పవర్‌లూమ్ అయిపోయే వేషం అది. చేతులు మగ్గంలో పోగును మోసే నాడెలా అటూ ఇటూ కొట్టుకుంటాయి, నోరు ఖట్ ఖట్ అంటుంది. మధ్యలో మగ్గం ఆగినట్టు అతను నేలకు ఒరిగితే జనమంతా “పోగు తెగింది, అతుకు!” అని అరవాలి. అప్పుడతను లేచి మళ్ళీ ఆడతాడు. మగ్గాల దగ్గర రోజూ వినే మాటే కాబట్టి ఎవరికీ నేర్పక్కర్లేదు. పోయినేడు గణపతి పండుగకు అతను నిజంగానే గుండె ఆగి పడ్డాడు. అప్పుడూ అందరూ అదే అరిచారు.

ఇప్పుడా అరుపులు లేవు. బొమ్మ వెనక ఏడుపుగొట్టు వేణువు ఒకటి. జనం ముక్కులు చీదుతున్నారు. జీవితమంతా నవ్వించిన మనిషికి ఇదా మర్యాద! సరోజకు ఒళ్ళు మండిపోయింది.

“మల్లేశం!” అని మండలం అధ్యక్షుణ్ణి కేకేసింది. “ఏంది ఈ పీపీ? ఆటల ఆవాజ్ ఏది?”

“వదినా, ఇంటే బాధైతదని...”

“ఎవలికి బాధ? మీ అరుపులు మీకే ఇనబడితే షరమ్ ఐతదనా? మనిషి సస్తుంటె సీటీలు గొట్టిండ్రు గదా! ఇయ్యాల ఇనుండ్రి. అసలుది పెట్టు!”

ఆ రోజు సరోజ పక్కనే కూర్చుని ఫోన్‌లో వీడియో తీసిన కూతురు దీపాలి ఆమె కొంగు పట్టుకుని లాగింది. “వద్దే అమ్మా, ఇంటికి పోదాం, చల్.” సరోజ విదిలించుకుంది. తను మాత్రం ఆ రోజు ‘లేపుండ్రి, లేపుండ్రి’ అని మొత్తుకుంది. ఆమెకు బాగా గుర్తు.

మల్లేశం దీపాలి వైపోసారి చూసి, అసలు వీడియో పెట్టాడు. ఖట్ ఖట్. నవ్వులు. సిద్ధరాములు ఛాతీ పట్టుకుని కూలాడు. ఈలలు, కేకలు. ముందు వరుసలో తలలు వాలిపోయాయి. బాగా అయింది, అనుకుంది సరోజ.

అంతలో అన్ని గొంతులనూ మించి, ఫోన్ పక్కనుంచే, పకపకా నవ్వుతూ ఒక ఆడగొంతు: “పోగు తెగింది, అతుకు! లెవ్వయ్యా, ఇంకొక్కపారి!”

సరోజ గొంతే.

తెర మీద సిద్ధరాములు అటు తల తిప్పాడు. భార్య నవ్వుతోందని చూసి, చెయ్యి నేలకు ఆనించి, ఎలాగో లేచాడు. రెండుసార్లు ఖట్ ఖట్ అన్నాడు. మళ్ళీ పడ్డాడు.

ముందు వరుసలో ఒక్కరూ వెనక్కి తిరిగి ఆమెను చూడలేదు.

“ఆవాజ్ తీసెయ్యమని మల్లేశం కాకకు నేనే చెప్పిన అమ్మా,” అంది దీపాలి.