రెండో మలుపు అవతల

పులిహోరకు చింతపండు పిసుకుతుంటే మా ఆయన సర్వేశ్వరరావుగారు స్వెట్టరు తొడుక్కుంటూ, "ఇవాళ నీకు పూర్తి రెస్టు రత్నం, పార్కుకే కదా" అన్నారు.

సీలేరు ప్రాజెక్టు కాలనీకి మేం వచ్చింది డెబ్భై ఆరులో. ఆ మరుసటేడు నది ఒడ్డున పార్కు వేసి, కొండ వారగా నడవడానికి కాలిబాట తీశారు. చలికాలం ఆదివారాలు కాలనీ అంతా అక్కడే. వెళ్ళిన ఆరుసార్లూ మగవాళ్ళు వాకింగని బాట పట్టారు, ఆడవాళ్ళం రాళ్ళపొయ్యి ముట్టించాం. అదీ ఇంటి వంటే, పొగ కళ్ళలోకి ఎక్కువగా పోవడం ఒక్కటే తేడా.

ఆ బాట చివర రెండు వాగులు కలుస్తాయని విన్నాను. ఒక్కసారి చూడాలని ఉండేది. కాలేజీ బోటనీ టూరులో టైడా అడవుల్లో రోజంతా నడిచినదాన్ని. ఈయన్ని అడిగితే, "అక్కడేం లేదు, రాళ్ళూ తుప్పలూ. ప్రతివారం చూస్తున్నానుగా. నువ్వు నడవలేవు" అన్నారు. చూసిన మనిషి మాట కదా అని ఊరుకున్నాను.

ఆ ఆదివారం అన్నం ఎసరు మరుగుతుండగా లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. లేచాక బిందె చంకన పెట్టుకున్నాను. పైన ఊట ఉందట, మంచినీళ్ళు తెస్తానని పక్కింటి యర్రమ్మగారితో చెప్పాను. ఊట సంగతి నాకెవరూ చెప్పలేదు. కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారు అసిరమ్మ అన్న మాట మాత్రం గుర్తుంది: "గుమ్మం దాటితే చేతిలో ఏటో ఒకటుండాల గుంటా. ఉత్తి చేతుల్తో తిరిగితే ఏటనుకుంతారు?"

రెండో మలుపు దగ్గర సిమెంటు బెంచీ మీద మగవాళ్ళు పేకాడుతున్నారు. బెంచీ కింద వేరుశనగ తొక్కలు, కొత్తవీ పాతవీ, వారాలవారీగా పేరుకుని ఉన్నాయి. నీళ్ళకా అమ్మా అన్నారు జగన్నాథరావుగారు, ముక్కల్లోంచి తలెత్తకుండా. మా ఆయన బిందెను చూశారు. "బేగి రా, ఆకలేస్తోంది" అన్నారు.

బెంచీ దాటగానే బాటను గడ్డి కమ్మేసింది. ఎవరూ నడిచిన జాడ లేదు. మరి ఈయన ప్రతివారం చూసింది ఏ దారిన వెళ్ళి? వేరే బాట ఉందేమోనని వెనక్కి వచ్చి వెతికాను, మళ్ళీ ముందుకు నడిచాను. కోపం రావాలి, రాలేదు. ఆయన అబద్ధమాడారనుకోవడం కంటే నేను దారి తప్పాననుకోవడమే సులువుగా ఉంది.

పక్క తుప్పల్లోంచి కట్టెలమోపుతో గంగ దిగుతోంది. సంతలో మాకు చింతపండు అమ్మే మనిషి.

"నీళ్ళు కింద కదా అమ్మా, ఇటెక్కడికి పోతన్నావు?"

"రెండు వాగులు కలిసే చోటికి. ఇదేనా దారి?"

"ఇదొక్కటే. మీ బాబులెవరూ ఇటు రారు." నన్ను ఎగాదిగా చూసింది. "మరి బిందెందుకు మోస్తన్నావు?"

ఆమె నెత్తిమీది మోపు కోసం ఇంట్లో పొయ్యి ఎదురుచూస్తోంది. నా బిందె కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు?

బిందెను ఒక బండమీద బోర్లించి నడిచాను. చేతులు వేలాడుతుంటే ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంది. ఎక్కువ దూరమేం కాదు, పావుగంట. ఒక వాగు ఎర్రగా, ఒకటి తేటగా వచ్చి, కలిశాక కూడా కొంతదూరం విడివిడిగానే పారుతున్నాయి. చాలాసేపు చూశాను. సంతోషమో దిగులో తేల్చుకోలేకపోయాను.

తిరిగొస్తూ బిందె తీసుకున్నాను. బెంచీ దగ్గర మా ఆయన, "ఇంతసేపా? నీళ్ళేవి?" అన్నారు.

"నీళ్ళకి కాదు. చివరిదాకా వెళ్ళొచ్చాను."

జగన్నాథరావుగారు ఈసారి తలెత్తారు. "ఏముందమ్మా అక్కడ?"

"మావారు ప్రతివారం చూస్తున్నారుగా. ఆయన్నే అడగండి."

వేయబోయిన ముక్క మా ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఖాళీ బిందెను ఆయన పక్కన పెట్టి కిందికి దిగాను. చేతులు ఎలా ఊపుకుంటూ నడవాలో ఇంకా తెలియలేదు.