పంటికింది కొంగు

పండినవి ఒక బుట్టలోకి, దోరవి ఇంకో బుట్టలోకి వేస్తూ రహమత్ బీ ఎడమవైపే చూస్తోంది. ఆమె మెడ ఎప్పుడూ అటే తిరిగి ఉంటుంది. కండరాలు వాటంతటవే మెలి తిరిగే ఆ జబ్బును డాక్టర్లు డిస్టోనియా అన్నారు. అందుకే పత్తికొండ టమోటా మార్కెట్లో ఆమె వరుసకు కుడి చివర కూర్చుంటుంది. రాశి ఎడమపక్కన ఉంటేనే చేతులు చేసే పని కళ్ళకు కనిపిస్తుంది.

"మా ఇంటాయన గూడా నన్ను ఇంతసేపు సూళ్ళేదు గదక్కా," అంది ఎడమపక్కన కూర్చున్న సిద్దమ్మ.

రహమత్ బీ నవ్వింది. నవ్వితే మెడ ఇంకాస్త లాగింది.

పోయిన వారం కర్నూలులో ఒక ఆసుపత్రివాళ్ళు ఆమెను వీడియో తీశారు. మెదడులోకి సన్నని తీగలు దించి, ఛాతీలో పెట్టిన యంత్రంతో కరెంటు పంపితే ఈ జబ్బు తగ్గుతుందేమో కొందరి మీద పరీక్షిస్తున్నారు. బాగా ముదిరినవాళ్ళనే తీసుకుంటారు. నమాజు చివర కుడివైపు తిరిగి సలాం చెప్పడం ఆమెకు కుదరక ఏళ్ళయింది. ఒక్కసారి చెప్పగలిగితే చాలనుకుంది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆసుపత్రి అమ్మాయి.

"వీడియోలో మీ మెడ దాదాపు నేరుగానే ఉందమ్మా. మిమ్మల్ని తీసుకోవడం లేదు."

రహమత్ బీ ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడే మండీ సాహుకారు అటుగా వచ్చాడు. అలవాటుగా ఆమె కొంగు చెంప మీదికి లాక్కుని, అంచును పంటితో పట్టుకుంది.

"అక్కా, నీ మెడ సక్కగయ్యిందే!" అంది సిద్దమ్మ.

ఉలిక్కిపడితే కొంగు జారింది. మెడ మళ్ళీ ఎడమకు తిరిగిపోయింది. చెంపకు బట్ట ఒత్తుకున్నంతసేపే అది మాట వింటుందని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు కెమెరా వెనక మగ డాక్టరు ఉన్నాడు. ఆమె ఇట్లాగే కొంగు కరచుకుని కూర్చుంది. మర్యాదకని వాళ్ళూ తీయమనలేదు.

"రేప్పొద్దున మల్లా పోతా మే," అంది. "కొంగు ల్యాకుండా కూసుంటా. సూసేటోళ్ళు సూడనీ."

"పోదువులే. నేనూ వస్తా. ముందు టీ తెస్తా ఉండు," అంటూ సిద్దమ్మ లేచింది.

రహమత్ బీ నిండిన బుట్ట ఎత్తుకుని తూకం వైపు నడిచింది. కుడివైపు నుంచి ఒక లారీ వెనక్కి వస్తోంది. హమాలీలు కేకలేశారు. ఆమె ఆగింది. చూడటానికి మెడ తిరగలేదు.

సిద్దమ్మ టీ తెచ్చి, అక్క కూర్చునే గోనెపట్టాకు ఎడమవైపు పెట్టింది. లారీ వెనక జనం గుమిగూడి ఉండటం అప్పుడు చూసి పరుగెత్తింది. అప్పటికే ఎవరో రహమత్ బీ ముఖం మీద తువాలు కప్పారు.

పొద్దు వాలింది. గోనెపట్టాకు ఎడమవైపున, గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.