మీగడ యంత్రాల ఫారం

మా ఆయనది ఎగుమతుల ఆఫీసులో పెద్ద సీటు. దస్తూరీ మాత్రం కోడి గెలికినట్టుంటుంది. అందుకని ఫారాలు ఇంటికి తెచ్చేవారు, పొయ్యి మీద కూర పడేసి నేను నింపేదాన్ని.

పోయిన వేసవిలో ఒక ఫారం వచ్చింది. సముద్రం అవతలి దేశంలో ఏదో డెయిరీకి రెండు వందల మోటార్లు. ‘దేనికి వాడుదురు’ అన్న గడి ఖాళీ. ఆ దేశంలో ఏడాదిలో మూడు ప్రభుత్వాలు పడిపోయాయి; కుర్చీ వేడెక్కేలోపే ఇంకొకరు కూర్చునేవారు. మోటారు వేగం చూశాను. మీగడ తీయడానికి అందులో పదో వంతు చాలు. అంత వేగం అణుబాంబులకు వాడే యురేనియం శుద్ధికి కావాలని డిగ్రీలో మా ఫిజిక్స్ మేడం ఒక పీరియడంతా చెప్పింది.

“ఈ వేగానికి మీగడేం ఖర్మ, ఆవు తోలు కూడా ఊడొస్తుందండీ,” అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. డెయిరీ అని వాళ్ళే చెప్పారుగా, పొద్దున్నే పంపాలి, రాసేయమన్నారు. జోకు పేలిందన్న సంబరంలో గుండ్రటి అక్షరాలతో రాసేశాను: ‘పాల మీగడ తీయుటకు.’ కుక్కర్ కూత వేసింది, లేచాను.

నెల కిందట అక్కడి సైన్యం రెండుగా చీలింది. అణుబాంబుకు సరిపడా సరుకు ఏ ముక్క చేతిలో ఉందో ఎవరికీ తెలియదని టీవీలో చెప్పారు. శుద్ధి చేసిన షెడ్డు ఫొటో చూపించారు. మూలన మా మోటార్ల పెట్టెలు.

వారం తిరక్కుండా మా ఆయన కింద పనిచేసే గుమాస్తాను సస్పెండ్ చేశారు. ‘తయారు చేసినవారు’ అన్నచోట అతని సంతకం ఉంది మరి. ఇంటికొచ్చి సోఫా అంచున కూర్చున్నాడు.

“ఆ రాత నాది కాదు వదినగారూ. మీకు తెలుసుగా.”

మా ఆయన పేపరు విప్పి, మళ్ళీ మడిచారు. నేను మంచినీళ్ళిచ్చాను. అంతకంటే ఏమీ ఇవ్వలేకపోయాను.

మర్నాడు విచారణాధికారి దగ్గరికి వెళ్తున్నానంటే మా ఆయన ఒక కాలికి చెప్పు తొడుక్కుని గుమ్మంలోనే ఉండిపోయారు.

రాత నాదేనన్నాను. అధికారి మర్యాదస్తుడు, కుర్చీ చూపించారు.

“ఆయన రాయమంటే రాశారు. ఇంట్లో ఉండే మీకు ఇవన్నీ ఏం తెలుస్తాయమ్మా.”

ఆ మాట చాటున నేనెన్నిసార్లు దాక్కున్నానో. ఆడపడుచుల దగ్గర, బ్యాంకులో, పిల్లల లెక్కల పుస్తకం ముందు కూడా.

“తెలుసండీ,” అన్నాను. “తెలిసే జోకేశాను.”

“ఏం జోకు?”

చెప్పాను. మీగడ నుంచి ఆవు దాకా. అధికారి నవ్వలేదు. మాట పొల్లుపోకుండా రాసుకుని, తోలుతో సహా పైకి చదివి వినిపించి, సంతకం పెట్టమన్నారు.

పెట్టాను. సిగ్గులేని అక్షరాలు, అప్పుడూ గుండ్రంగానే వచ్చాయి.