వణుకు టైర్లదే

ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన మనిషితో "నీ చేతులు వణుకుతున్నాయి, ఇక బండి నడపొద్దు" అంటే ఎలా ఉంటుంది? డ్రైవింగ్ మాస్టారికి ఒళ్లు మండిపోయింది. అన్నది పరాయివాళ్లయితే నాలుగు దులిపి పంపేవారు. అన్నది కన్నకూతురు. పైగా ఆసుపత్రిలో నరాల వార్డులో నర్సు. రోజంతా వణికే చేతులకు చెంచా అందించి, వణికే వేళ్ల బదులు తాను బొత్తాలు పెట్టి వచ్చే మనిషి. అలాంటిదానితో వాదించే కన్నా గోడతో వాదించుకోవడం నయం. గోడ కనీసం జాలిగా చూడదు.

అసలు జరిగింది ఇదీ. మాస్టారు ఉద్యోగం చేసినన్నాళ్లూ శిక్షణ కారులో పక్క సీట్లో కూర్చుని, క్లచ్ వదలడం రాని జనం చేతుల్లో ప్రాణం పెట్టి బతికారు. తన డ్రైవింగ్ స్కూలుని ఒక శిష్యురాలికి అప్పగించి రిటైరయ్యాక, ఏళ్లనాటి కోరిక తీర్చుకుందామని పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొన్నారు. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు, ఇంతింత వెడల్పు టైర్లు. ఎండలున్నన్నాళ్లూ దాంట్లో రాజాలా తిరిగారు. చలి మొదలైంది, శని పట్టుకుంది.

వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి బయటికి రావాలంటే రెండు స్తంభాల మధ్య స్టీరింగ్ మొత్తం తిప్పి, ఇరుకు మలుపు తిరిగి ర్యాంపు ఎక్కాలి. ఒక చలిపొద్దున కూతుర్ని ఆసుపత్రి దగ్గర దింపడానికి బయల్దేరారు. ఆ మలుపులో ముందు చక్రాలు గడగడమని ఎగిరెగిరి పడ్డాయి. స్టీరింగ్ అదిరిపోయింది. కూతురు చక్రాల సంగతి ఆలోచించలేదు. తండ్రి చేతుల వంక చూసింది. సాయంత్రానికల్లా బండి తాళం ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లిపోయింది.

"అవి టైర్లే తల్లీ" అన్నారు మాస్టారు.

"మరి ఎండాకాలంలో లేదేం?"

"చలికి రబ్బరు గట్టిపడుతుంది."

"చలికి చేతులూ బిగుసుకుంటాయి నాన్నా. మా వార్డులో చాలామందికి పొద్దున్నే ఎక్కువ."

ఇదీ వరస. టైర్లకు సరిపోయే ప్రతి ముక్కా ముసలి చేతులకూ సరిపోతోంది. ఇరుకు మలుపులోనే వస్తోందంటే, "బలం పెట్టి తిప్పేది అక్కడేగా" అంటుంది. తిన్నగా పోతే రావడం లేదంటే, "తిన్నగా పోయేటప్పుడు నీ చేతులకు పనేముంది" అంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఒక ఆదివారం ఆయన్ని డైనింగ్ టేబుల్ ముందు కూర్చోబెట్టి ఇంట్లోనే పరీక్ష మొదలుపెట్టింది. చేతులు చాచమంది, చాచారు. కళ్లు మూసుకుని వేలితో ముక్కు తాకమంది, తాకారు. చంటిపిల్లాడికి చెప్పినట్టు "శభాష్ నాన్నా" అంది. అక్కడే ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. తర్వాత కాగితం మీద నత్తగుల్లలా సుళ్లు తిప్పుతూ గీత గీయమంది. కోపంతో చెయ్యి అదిరి, గీత కాగితం దాటి టేబుల్ గుడ్డ మీదికి పోయింది.

"చూశావా" అంది కూతురు మెల్లగా.

"కోపమొస్తే ఎవరి చేతులైనా వణుకుతాయి."

"అసలు నీకింత కోపం ఎందుకొస్తోంది నాన్నా? అది కూడా ఒక లక్షణమే."

మాట్లాడితే రోగం, మాట్లాడకపోతే దిగులు, అదీ రోగమే. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్దామంది. రానన్నారు. వెళ్తే ఒప్పుకున్నట్టేనని ఆయన లెక్క. అయితే బండి అమ్మేద్దామంది. కొనేవాళ్లు ఎవరైనా ఉంటే చూడమని మొగుడికి పురమాయించింది కూడా. ఇంతకన్నా చిరాకు ఇంకొకటుంది, అది ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. స్నానాల గదిలో తలుపు వేసుకుని, తన చేతులు తానే చాచి చూసుకోవడం మొదలుపెట్టారు.

సాక్ష్యం కోసం మెకానిక్‌ను ఇంటికి లాక్కొచ్చారు. అతను సోఫాలో కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. "స్టీరింగ్ మొత్తం తిప్పితే లోపలి చక్రానిది ఒక దారి అమ్మా, బయటి చక్రానిది ఇంకో దారి. వెచ్చటి రబ్బరైతే అటూ ఇటూ సర్దుకుంటుంది. ఇవి వేసవి టైర్లు, చలికి బండబారతాయి. నేలని పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. ఆ గడగడ అదే. బాగుచేయడానికి ఏమీ లేదు, దాని తీరే అంత."

"చలికాలం టైర్లు వేయొచ్చుగా?" అంది కూతురు.

"ఆ సైజువి దొరికేసరికి మళ్లీ ఎండాకాలం వచ్చేస్తుందమ్మా."

అతను గుమ్మం దాటాడో లేదో, "రోజూ నీతో చదరంగం ఆడేవాడు నీ మాట కాక ఇంకెవరి మాట చెప్తాడు" అని తేల్చేసింది.

ఇక మిగిలింది అల్లుడు. బతిమాలగా బతిమాలగా ఒక సెలవురోజు మధ్యాహ్నం, భార్య దగ్గర తాళం అడిగి తీసుకుని బండి ఎక్కాడు. ఎక్కేముందు కాస్త మబ్బైనా పట్టకూడదా? బ్రహ్మాండమైన ఎండ. ఊరంతా తిరిగొచ్చి, సెల్లార్లో అదే మలుపు అటూ ఇటూ తిప్పి చూసి, "మామయ్యగారూ, బండి వెన్నలా ఉందండీ" అన్నాడు సంబరంగా. మాస్టారు నెత్తి కొట్టుకున్నారు.

"చలిపూట నడపాలి బాబూ. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు."

"ఇక నన్నొదిలేయండి. టైర్లంటే మీ అమ్మాయికి కోపం, చేతులంటే మీకు కోపం. కరవమంటే కప్పకు, విడవమంటే పాముకు. తండ్రీకూతుళ్ల మధ్య నేను వేలు పెట్టను" అని టీవీ సౌండు పెంచుకున్నాడు.

ఆ మాటతో మాస్టారికి పంతం వచ్చింది. వంటింట్లోకి వెళ్లి కూతురి ఎదుట నిలబడ్డారు. "ఎవరి సాక్ష్యమూ వద్దు. నువ్వే నడుపు. నీ చేతుల్లో గడగడలాడకపోతే బండి అమ్మెయ్యి. డాక్టరు దగ్గరికీ నోరు మూసుకుని వస్తాను."

"నాకు డ్రైవింగ్ రాదు కదా నాన్నా."

"నేర్పడం నాకు వచ్చు కదా."

కూతురు స్టవ్ కట్టేసి, సరేనంది.

మెకానిక్ ముందురోజే కారు తీసుకెళ్లి, డ్రైవింగ్ స్కూలు మైదానంలో చలికి వదిలేసి వచ్చాడు. తెల్లవారాక తండ్రీకూతుళ్లు బస్సు దిగి అక్కడికి నడిచారు. నోరు తెరిస్తే ఆవిరి వస్తోంది. కారు అద్దాల మీద మంచు గీకి, కూతుర్ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, మాస్టారు పక్కన కూర్చున్నారు. శిక్షణ కారులో ఉన్నట్టు ఈ కారులో ఆయన వైపు బ్రేకు లేదు. అయినా అలవాటైన కాలు ఊరికే నేలను తొక్కుతూనే ఉంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మాస్టారు రచ్చలో ఎంత గెలిచారంటే, గోడను గుద్దిన శిష్యుల మీద కూడా గొంతు పెంచి ఎరగరు. కూతురు దగ్గర ఆ ఓర్పు రెండు నిమిషాలు ఆగలేదు. క్లచ్ వదిలింది, బండి ఎగిరి ఆగిపోయింది. మళ్లీ వదిలింది, మళ్లీ ఆగిపోయింది.

"మెల్లగా అన్నానా? చెవిలో పడుతోందా?"

"ఊరందరికీ ఇలాగే నేర్పావా?"

"ఊరందరూ నన్ను రోగినన్నారా?"

కూతురు పళ్లు బిగించి మళ్లీ స్టార్ట్ చేసింది. ఈసారి బండి కదిలింది. "ఇప్పుడు మొత్తం తిప్పు" అన్నారు మాస్టారు. తిప్పింది. ముందు చక్రాలు గడగడమని ఎగిరిపడ్డాయి. స్టీరింగ్ ఆమె చేతుల్లో అదిరింది. భయపడి బ్రేకు తొక్కేసింది.

"నాన్నా, నేనేం తప్పు చేశాను?"

"ఏమీ చేయలేదు."

బండి మళ్లీ కదిలించింది. కుడికి తిప్పితే గడగడ, ఎడమకు తిప్పితే గడగడ. బండి ఆపి, తన రెండు చేతులూ ఎత్తి కళ్ల ముందు పెట్టుకుంది. ఏ వణుకూ లేదు. ఇన్నాళ్లూ మాస్టారు ఎదురుచూసింది దీనికోసమే. "చూశావా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా ఆమె స్టీరింగ్ మీద తల ఆనించి ఏడవడం మొదలుపెట్టింది.

"టైర్లే నాన్నా" అంది. "టైర్లే."

"మొదట్నుంచీ నేను మొత్తుకుంటోంది అదేగా. ఒక్క మాట నమ్మితే నీ సొమ్మేం పోయింది?"

"ఎలా నమ్మను? మా దగ్గరికి మొదటిరోజు వచ్చే ప్రతి మనిషీ ఇలాగే చెప్తాడు. కప్పు బరువుగా ఉందంటాడు, పెన్ను బాగాలేదంటాడు, చొక్కా గుండీలు చిన్నవంటాడు. నా చెయ్యి అని ఒక్కరూ అనరు నాన్నా. నువ్వు టైర్లన్నప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొచ్చేవాళ్లు."

మాస్టారి కోపం అంతటితో దిగిపోయింది. జేబురుమాలు తీసి ఇచ్చారు. ఆమె ముఖం తుడుచుకుంది, కానీ సీట్లోంచి దిగలేదు.

"ఊరందరికీ నేర్పావు. నాకెందుకు నేర్పలేదు?"

"నీకేం అవసరం వచ్చింది? ఎక్కడికి వెళ్లాలన్నా నేనే దింపేవాణ్ణిగా."

"అదే నాన్నా. రేపు నీ చెయ్యి నిజంగానే వణికితే, నిన్నెవరు తీసుకెళ్తారు?"

మాస్టారు తన చేతుల వంక చూసుకున్నారు. అవి ఒళ్లో కదలకుండా ఉన్నాయి. ఇంటికి తానే నడుపుకుంటూ వెళ్లాలని పొద్దున్నించీ అనుకుంటున్నారు. ఆ మాట ఇక అనలేదు. సీటు బెల్టు సరిచేసుకుని, ఎవరికైనా మొదటిరోజు చెప్పే గొంతుతో, "క్లచ్ పూర్తిగా తొక్కమ్మా" అన్నారు. తొందరేమీ లేదన్నారు.