వరహాలమ్మ గారి చేనులో ఉప్పు

తుఫాను వెళ్ళింది గానీ ముసురు వదల్లేదండి. కోతకొచ్చిన సార్వా వరి చేనంతా నీళ్ళలో పడుకునుంది. గట్టు తెగ్గొట్టి నీళ్ళు తీశాను. వంగి ఓ కంకి నలిపితే గింజ ముక్కు తెల్లగా పగిలుంది. మొలక! ఇంకాస్త ఆగితే చేనే నారుమడైపోద్ది. మిల్లోడు కన్నెత్తి చూడడు.

ఉప్పునీళ్ళు కొడితే మొలక ఆగుద్దని వ్యవసాయ ఆఫీసు అమ్మాయి చెప్పింది. మందు కొట్టే ట్యాంకుకి కిలో కల్లుప్పు. మా ఆవిడ నూకరత్నం బస్తా తెచ్చి గట్టు మీద దింపిందో లేదో, వరహాలమ్మ గారు ఊడిపడ్డారు. చేను ఆవిడది. నేను కౌలుకి చేస్తన్నాను.

"ఏరా సూరన్నా, ఏంటా బస్తా?"

"ఉప్పండి."

"ఉప్పా! సముద్రం పొంగి చౌడైన చేలు బాగుచెయ్యలేక మా మావగారు మంచాన పడ్డారు. నువ్వు డబ్బులిచ్చి మరీ తెస్తన్నావా?"

"నేలకి కాదండి, కంకులకి..."

"కంకులు గాల్లో ఉన్నాయేంట్రా? నేల మీదే కదా పడుకున్నాయి!"

నిజమే మరి. పైన మబ్బు నల్లబడతంది. ట్యాంకు భుజానికెత్తుతున్నా, దింపుతున్నా.

నూకరత్నం ఊరుకోలేదు. "ఏటేటా కొబ్బరి చెట్ల మొదళ్ళలో ఉప్పేయిస్తారుగా అండీ. తోట చౌడైపోయిందా?"

"చెట్టూ చేనూ ఒకటేనేంటే? నోరు మాత్రం బానే లేస్తంది! కొట్టారంటే ఈ సార్వాతో సరి, దాళ్వా పంటకి కౌలు లేదు, అంతే!" అని ఆవిడ గొడుగేసుకుని గట్టు మీదే కూర్చున్నారు.

"ఏవయ్యా, ఈ పంట పోయాక ఆ కౌలుంటే ఎంత, ఊడితే ఎంత?" అంది మా ఆవిడ, నాకు మాత్రం వినబడేలా.

కొట్టేశానండి. ఆవిడ చూస్తుండగానే. కంగార్లో ఒకట్రెండు చోట్ల ఎక్కువే పడింది కూడా. అదృష్టం, ఆ రోజుకి మళ్ళీ చినుకు పడలేదు.

కోశాం, నూర్చాం. మొలక అక్కడక్కడా ఉంది గానీ, మిల్లోడు సణుక్కుంటూనే ఎత్తుకున్నాడు. వరహాలమ్మ గారు తన వాటా బస్తా విప్పించి, గుప్పెడు గింజలు అరచేతిలో నలిపి, రెండు కొరికి చూశారు.

"ఉప్పగా లేవే!"

"మరి దాళ్వాకి నీళ్ళెట్టి దమ్ము చెయ్యనాండి?"

"ఓ గట్టి వాన పడనీ. నేల కడుక్కోనీ. అప్పుడు చూద్దాం."

పక్క చేలోళ్ళు నారు పోసేశారండి. నేను పొద్దున్న లేస్తే ఆకాశం వంకే చూస్తన్నాను. మబ్బు తునకైనా లేదు.